28 కోసం తొక్కిన ఆదివారం

ఆ సాయంత్రం డాక్టరు నా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి పట్టుమని పది సెకన్లు కూడా వినలేదు. "పొద్దున అరవై కిలోమీటర్లు సైకిల్ తొక్కొచ్చిన మనిషికి గుండె జబ్బేంటండీ! గ్యాస్ అయ్యుంటుంది. పడుకునే ముందు ఈ మాత్ర వేసుకోండి" అన్నాడు. ఆయన కుర్చీ వెనక బల్ల మీద ఈసీజీ మెషిన్ ఉంది. దాని మీద కప్పిన కవరు కూడా తీయలేదు. ఇది జరిగి ఎనిమిది నెలలైంది. గుండె కుదుటపడింది, రిపోర్టులు బాగున్నాయి. కానీ ఆ కవరు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే ఈ మంట చల్లారదనిపించి రాస్తున్నాను.

నాది మౌంటెన్ బైక్. 29 అంగుళాల చక్రాలు, 2.2 అంగుళాల వెడల్పున్న గళ్ల టైర్లు, ముందు చక్రానికి కుదుపులు మింగే సస్పెన్షన్ ఫోర్క్, మొత్తం 14 కిలోల బరువు. మట్టి దారుల కోసం కొన్నాను కానీ తొక్కిందంతా తారు రోడ్డు మీదే. అప్పటికి నాకు 43 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు తొక్కుతున్నాను. బరువు తగ్గాను. మెట్లెక్కితే ఆయాసం లేదు. పొద్దున లేవగానే చూసుకుంటే నాడి నిమిషానికి 56 ఉండేది. ఇన్ని బాగున్నా ఒక్క అంకె దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. అది సగటు వేగం. నాది గంటకు 24 కిలోమీటర్లు దాటేది కాదు. మా బావది సన్నటి టైర్ల రోడ్ బైక్. ఆయనా ఆయన స్నేహితులూ 28లో కబుర్లు చెప్పుకుంటూ పోయేవాళ్లు. ఒకరోజు నేను టైరుకు గాలి కొడుతుంటే బావ అన్నాడు, "రెండేళ్లయినా ఇంకా 24 ఏంటోయ్? తొక్కుతున్నావా, షికారు చేస్తున్నావా?" అని. ఆయన మనసులో ఏమీ లేదు, అది నాకు తెలుసు. అయినా ఆ మాట నాలోనే ఉండిపోయింది.

మంచం మీద పడ్డాక చదివి తెలుసుకున్నవి అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేదో. గళ్ల టైరు తారు మీద దొర్లుతుంటే దాని మీది ఒక్కో రబ్బరు గడ్డా వంగి లేస్తుంది, మన శక్తి కొంత అక్కడే పోతుంది. లేచి నిలబడి తొక్కితే ఫోర్క్ కిందికీ పైకీ ఊగి ఇంకొంత తినేస్తుంది. అన్నిటికంటే పెద్దది గాలి. వెడల్పు హ్యాండిల్ పట్టుకుని నిటారుగా కూర్చుంటే గాలికి ఛాతీ అడ్డం పెట్టినట్టే. గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిది రెట్లు కావాలి. 24 నుంచి 28కి వెళ్లడమంటే పెరిగేది నాలుగు కిలోమీటర్లే అనిపిస్తుంది, గాలి కోసం పెట్టే శక్తి మాత్రం దాదాపు 60 శాతం పెరుగుతుంది. అంత కష్టమే ఇద్దరూ పడినా రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మూడు నాలుగు కిలోమీటర్ల తేడా మామూలే. అంటే నా 24లో తప్పేమీ లేదు. నేను సిగ్గుపడాల్సిందేమీ లేకుండానే రెండేళ్లు సిగ్గుపడ్డాను.

ఆ వారం నాకు జ్వరమొచ్చింది. మూడు రోజులు 101, ఒళ్లంతా నొప్పులు. శుక్రవారానికి జ్వరం దిగింది. శనివారం పొద్దున నాడి చూసుకుంటే 71. మామూలు కంటే 15 ఎక్కువ. నీరసం వల్లేలే అనుకుని వదిలేశాను. మా ఆవిడ "ఈ ఒక్క వారం మానెయ్యండి" అంది. వినలేదు. ఆదివారం బావ వాళ్లతో అరవై కిలోమీటర్లు, సగటు 28 అని ముందే మాట ఇచ్చాను మరి.

వాళ్ల వెనక ఉన్నంతసేపు గాలి అంతగా తగలదు కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాను. ముందు నడిపే వంతు నాది వచ్చేసరికి ఊపిరి అందలేదు. మామూలుగా ఆ వేగంలో 150 చూపించే హార్ట్ రేట్ 174 చూపించింది. 220లోంచి వయసు తీసేస్తే నాకు వచ్చేది 177. అది మోటు లెక్కే, మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉంటుంది. కానీ ఆ రోజు అంకెతో పని లేదు. ఛాతీ మధ్యలో ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కి పట్టినట్టుంది. అప్పటికి 38 కిలోమీటర్లు. అక్కడ ఆగుంటే? ఎన్ని రాత్రులు వేసుకున్నానో ఈ ప్రశ్న. ఆగలేదు. ఇంటికొచ్చేసరికి సగటు 27.6. పాయింట్ నాలుగు తగ్గిందని బాధపడ్డాను.

సాయంత్రానికి పడుకుంటే నొప్పి ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. ఇది కూడా ఆ డాక్టరుకు చెప్పాను. ఆ తర్వాత ఆయన అన్నది పైన రాశాను. ఫిట్‌గా ఉన్నాననేదే ఆ రోజు నాకు శత్రువైంది. సైకిల్ తొక్కనివాడినై ఉంటే ఆ కవరు తీసేవాడేమో.

రాత్రి ఒంటిగంటకు గుండె తడబడటం మొదలైంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒకచోట ఆగి, తర్వాత దబ్బున ఒక్కటి. మా ఆవిడ బావకు ఫోన్ చేసింది. ఆయన వేసుకున్న బట్టలతోనే కారు తీసుకొచ్చాడు. పెద్దాసుపత్రిలో ఈసీజీ తేడాగా వచ్చింది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ బాగా ఎక్కువ. ఐసీయూలో పడుకోబెట్టి తీగలు అతికించారు.

ఆ రాత్రి గురించి రాయాలంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. లైటు ఆర్పరు. పక్క మంచం తెర వెనక ఎవరో ముసలాయన ఒకటే పేరు పిలుస్తున్నాడు, ఎవరూ పలకడం లేదు. నా తల పైన మానిటర్. తల తిప్పితే కనిపిస్తుంది, తిప్పకుండా ఉండలేను. రెండేళ్లు నా బీట్లు చూసుకుని మురిసిపోయినవాణ్ణి, ఆ రాత్రి అదే అంకె చూసి వణికాను. మూడున్నర ప్రాంతంలో ఛాతీలో ఏదో పక్షి రెక్కలు కొట్టుకున్నట్టయింది. అలారం మోగింది. తెర మీద గీత కొండలు కొండలుగా వెడల్పయింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఒకామె గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ బండిని నా మంచం దగ్గరికి లాగింది. ఆ చక్రాల చప్పుడు నాకు బాగా గుర్తు. అయిపోయిందనుకున్నాను. మా ఆవిడకు "నువ్వు చెప్పింది వినాల్సింది" అని చెప్పాలనిపించింది. ఆమె తలుపు అవతల ఉంది.

గీత దానంతటదే సర్దుకుంది. వరసగా పదకొండు తప్పు బీట్లట. డాక్టర్లు ఇంజెక్షన్లు మార్చి వెళ్లిపోయారు. ఒక సిస్టర్ మాత్రం వెళ్లలేదు. మానిటర్‌ని గోడవైపు తిప్పేసింది. "మీరు చూడక్కర్లేదు సార్, చూడటానికి మేమున్నాం. మీరు ఊపిరి మెల్లగా వదలండి చాలు" అంది. తెల్లారేదాకా పది నిమిషాలకోసారి వచ్చి నా మణికట్టు పట్టుకుని వెళ్లింది. నేను మొక్కే అలవాటున్న మనిషిని కాను. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా మాత్రం దేవుణ్ణి తలచుకున్నాను. ఆయన నాకు కనిపించిన రూపం అదే. ఆమె పేరు కూడా అడగలేదు, ఆ దిగులు ఇంకా ఉంది.

తర్వాత అంతా పరీక్షలు. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, పంపింగ్ 42 శాతం, మామూలుగా 55 పైన ఉండాలి. ఎంఆర్‌ఐలో తేలింది: మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాచింది. "జ్వరం తెచ్చిన వైరసే గుండెనూ పట్టింది. సైకిల్ తొక్కడం వల్ల జబ్బు రాలేదు. కానీ వాచిన గుండెను అంతలా పరిగెత్తించారు. లయ తప్పి దారిలోనే పడిపోయేవాళ్లు" అన్నారు కార్డియాలజిస్ట్ మేడమ్. తిట్టలేదు. కాగితం మీద గుండె బొమ్మ గీసి ఎక్కడ వాచిందో చూపించారు. ఆవిడ నాకు పావుగంట కేటాయించారు. మొదటి డాక్టరు పది సెకన్లు. ఆ తేడాలోనే నా ప్రాణం ఉంది.

ఆరు నెలలు సైకిల్ ఎక్కొద్దన్నారు. మొదట్లో ఇంట్లో నడకే. బావ రోజూ వచ్చి పక్కన నడిచేవాడు, ఆ షికారు మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఒక్కోసారి ఆయన మీద కోపంతో మాట్లాడకుండా నడిచేవాణ్ణి. ఆ రాత్రంతా ఐసీయూ బయట నేల మీద కూర్చున్నది ఆయనేనని మా ఆవిడ చెప్పాక ఏం చెయ్యాలో తెలియలేదు. కోపం పోయిందని అబద్ధం చెప్పను. తగ్గింది.

ఆరో నెలలో ఎకో 58 చూపించింది. ఒంటికి కట్టి 24 గంటలూ గుండె లయను రికార్డు చేసే హోల్టర్‌లో తప్పు బీట్లు లేవు. ట్రెడ్‌మిల్ టెస్టూ రెండో ఎంఆర్‌ఐ కూడా బాగున్నాకే మేడమ్ సైకిల్‌కి ఒప్పుకున్నారు. గళ్ల టైర్లు తీసేసి 1.75 అంగుళాల నున్నటివి వేయించాను, రోడ్డు మీద ఫోర్క్ లాక్ చేసేస్తున్నాను. ఇది వేగం కోసం కాదు, అదే దూరానికి గుండె మీద భారం తగ్గడానికి. నేను వాడే బీటా బ్లాకర్ మాత్ర నాడిని అంతగా పెరగనివ్వదు. కాబట్టి హార్ట్ రేట్ అంకెను నమ్మలేను, సగటు వేగాన్ని ఇక నమ్మను. మీటరు తీసి సొరుగులో పడేశాను. మిగిలింది ఊపిరొక్కటే. తొక్కుతూ ఒక వాక్యం తెగకుండా చెప్పగలిగితే అదే నాకు సరైన వేగం.

మీకు చెప్పేది ఒకటుంది, చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ముక్కు కారడం, గొంతు గరగర వరకైతే మెల్లగా తొక్కొచ్చేమో. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో బరువు ఉంటే మాత్రం సైకిల్ ముట్టుకోకండి. జ్వరం తగ్గాక కూడా పొద్దున నాడి మీ మామూలు స్థాయికి దిగేదాకా ఆగండి. ఛాతీ నొప్పి అని వెళ్తే ఈసీజీ తీయకుండా పంపించే చోటు నుంచి లేచి ఇంకో చోటికి వెళ్లండి. మొహమాటపడకండి.

మొన్న ఆదివారం బావా నేనూ పన్నెండు కిలోమీటర్లు తొక్కాం. కిలోమీటరుకోసారి ఆయన ఏదో ఒకటి అడుగుతాడు, నేను పూర్తిగా జవాబు చెప్పాలి. మా కొలత అదే ఇప్పుడు. దారిలో చిన్న ఎత్తు వచ్చింది. పిల్లవాడి పరీక్షల గురించి అడిగాడు. మూడో మాట దగ్గర నాకు ఊపిరి తెగింది. బావ ఏమీ అనలేదు. గేరు తగ్గించి, నా కంటే అర చక్రం వెనక ఉండి పైదాకా వచ్చాడు. పైకెళ్లాక అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. ఈసారి మొత్తం చెప్పాను.