అక్షరాలన్నీ చదివేశా కదా, మళ్ళీ ఈ టెస్టులెందుకు?

నా పని రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురుని పట్టే పొర, దాని ఫొటోలు తియ్యడం. డాక్టర్ని కాదు, ఏం చెయ్యాలో డాక్టర్ తేల్చుకునే ముందు ఆ బొమ్మలు తీసిచ్చే మనిషిని. గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఆనించండి, రెప్ప కొట్టకండి... రోజంతా ఇదే పాట. కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చాలామంది అడిగేదీ ఒకటే, చార్టు మొత్తం చదివేశా కదండీ ఇంకా ఇదంతా దేనికీ అని.

చార్టు చెప్పేది రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులా సంగతి మాత్రమే. చుట్టుపక్కల రక్తనాళాలు ఎంత పాడైనా మధ్యలోకి రానంతవరకు చూపు శుభ్రంగానే ఉంటుంది. షుగరున్నవాళ్ళలో జరిగేది ఇదే, ఏళ్ళ తరబడి షుగర్ కంట్రోల్లో లేకపోతే సన్న నాళాల గోడలు బలహీనపడి అక్కడక్కడా ఉబ్బుతాయి, కొన్ని కారతాయి, కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా ఊరుకోదు, వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదుల్తుంది, కొత్త నాళాలు కావాలని కబురన్నమాట. నాళాలు పుడతాయి కానీ నాసిరకంవి, అవసరమైన చోటికి పోకుండా రెటీనా పైకి పాకి, ఒకరోజు చిట్లుతాయి. పొద్దున లేచేసరికి కంట్లో నల్లటి దారాలు తేలుతున్నాయనో, ఒక కన్ను అసలు కనబడట్లేదనో పరిగెత్తుకొస్తారు. రాత్రికి రాత్రే వచ్చిందనుకుంటారు పాపం.

షుగర్ ఒక్కటే కాదు. బీపీ ఉన్నవాళ్ళకి రెటీనా సిర మూసుకుపోయి నొప్పి లేకుండానే ఒక కన్ను మసకబారుతుంది. వయసు మీదపడ్డాక మాక్యులా పాడయ్యే వెట్ మాక్యులర్ డీజెనరేషన్ అనే జబ్బులో నాళాలు రెటీనా కిందనుంచి పుట్టుకొస్తాయి, తలుపు అంచు వంకరగా కనిపించడం దాని లక్షణం. అరుదుగా రెటీనాలో నాళాల గడ్డ ఒకటి కనిపిస్తుంది, అప్పుడు వాన్ హిప్పెల్ లిండౌ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమోనని మెదడు, కిడ్నీలు కూడా స్కాన్ చేయిస్తారు.

చుక్కలేసి కనుపాప పెద్దదయ్యాక ముందు డాక్టర్ చూస్తారు, తర్వాత ఓసీటీ అనే స్కాన్. రెటీనా పొరలన్నీ అడ్డంగా కోసి చూపించినట్టు కొన్ని సెకన్లలో వచ్చేస్తాయి, నీరు చేరిన చోట నల్లటి గుంటల్లా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం ఫ్లోరసీన్ యాంజియోగ్రఫీ. 1961లో అమెరికాలోని ఇండియానాలో నొవోట్నీ, ఆల్విస్ అని ఇద్దరు మెడికల్ స్టూడెంట్లు ఈ పద్ధతిని ప్రచురించారు. చేతి నరంలోకి పసుపు డై ఎక్కించి నీలం లైటులో వరసగా ఫొటోలు తీస్తూ పోతాం, పది పదిహేను సెకన్లకి డై కంట్లోకి వస్తుంది, ముందు ధమనులు తర్వాత సిరలు వెలుగుతాయి. మంచి నాళమైతే గీత గీసినట్టు అంచు స్పష్టంగా ఉంటుంది. కొత్తగా పుట్టిన నాళమైతే అద్దుడు కాగితం మీద సిరాలా చుట్టూ వ్యాపిస్తూనే ఉంటుంది, రక్తం అందని జాగా చీకటిగా మిగిలిపోతుంది. కొందరికి ఓ నిమిషం కడుపులో తిప్పుతుంది, ఎలర్జీలుంటే ముందే చెప్పాలి. ఆరోజు మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు (ఎంత చెప్పినా రాత్రి ఫోన్లు వస్తూనే ఉంటాయి అనుకోండి). డై లేకుండా ఓసీటీ యాంజియో కూడా ఉంది, నాళాల ఆకారం బాగా చూపిస్తుంది కానీ కారడం చూపించదు.

ఇక కంట్లో సూది. ఆ మాట వినగానే సగంమంది మొహం మారిపోతుంది. మత్తు చుక్కలేసి, అయోడిన్‌తో శుభ్రం చేసి, నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల అవతల తెల్లగుడ్డులోంచి ఇస్తారు, మందు సాధారణంగా 0.05 మిల్లీలీటర్లే. సూది కంటే అయోడిన్ మంటే ఎక్కువని చాలామంది అంటారు. ఆ మందు వీఈజీఎఫ్‌ని అడ్డుకుంటుంది. బెవాసిజుమాబ్ 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కని వచ్చింది, కంటి డాక్టర్లు దాన్నే చిన్న డోసుల్లో వాడారు, 2006లో రానిబిజుమాబ్, తర్వాత అఫ్లిబర్‌సెప్ట్ వచ్చాయి. తెల్లగుడ్డు మీద ఎర్ర మచ్చ వస్తే దానంతటదే పోతుంది, కానీ నొప్పి పెరుగుతూ చూపు తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఇన్ఫెక్షన్ కావచ్చు.

చిక్కేంటంటే మందు ప్రభావం కొన్ని వారాలే. మొదట్లో నెలనెలా, తర్వాత ఫొటోలు చూసి గ్యాప్ పెంచుతారు. రెండు సూదులకి చూపు మెరుగవ్వగానే మాయమైపోయి, ఏడాదికి కంటినిండా రక్తంతో వచ్చేవాళ్ళని చూస్తే కోపమొస్తుంది, రావడానికి తోడెవరూ లేరని తెలిశాక ఆ కోపమూ ఉండదు. అందుకే షుగర్ వల్ల కొత్త నాళాలు పుట్టినవాళ్ళకి, మళ్ళీ మళ్ళీ రాలేమంటే లేజరే నయం అని నా అభిప్రాయం. అంచుల్లో ఉన్న రెటీనాని కొంత కాల్చేస్తారు, దాంతో ఆక్సిజన్ అవసరం తగ్గి వీఈజీఎఫ్ కూడా తగ్గుతుంది. దీనివల్ల తీవ్రంగా చూపు పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1976లోనే అమెరికాలో పెద్ద స్టడీ తేల్చింది. రాత్రి చూపు, పక్కచూపు కాస్త తగ్గడం దాని ఖరీదు. రక్తం ఇంకకుండా ఉండిపోయినా, నాళాల వెంట పెరిగిన పొరలు రెటీనాని లాగుతున్నా ఆపరేషన్ తప్పదు.

టైప్ 2 షుగరని తేలిన వెంటనే ఒకసారి, ఆపైన ఏడాదికోసారి చుక్కలేయించుకుని చూపించుకోండి, గర్భవతులైతే ఇంకా తరచుగా. వచ్చేటప్పుడు చల్లద్దాలు, బండి నడపడానికి ఇంకొకరు, పాత ఓసీటీ ప్రింట్లు ఉంటే అవి కూడా. పోయినసారి బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే నీరు పెరిగిందో తగ్గిందో తెలిసేది.