చేతులు కట్టేయకముందు పొట్ట తడిమి చూడండి: తల దెబ్బ రోగితో నా అనుభవం

తలకు దెబ్బ తగిలిన మా తమ్ముడి ఆపరేషన్, ఐసీయూ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అక్కడ బాగానే చూశారు. తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ ఏ పక్కకూ వాలకుండా పడుకోబెట్టారు. మెడ తిరిగిపోతే సిరలు నొక్కుకుని, తలలోంచి రక్తం సరిగా దిగక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గొంతు గొట్టంలో కఫం లాగడం ఒక నర్సమ్మ ఓపిగ్గా నేర్పింది. పైపు లోపలికి పెట్టేటప్పుడు సక్షన్ ఆపాలి, బయటికి తీస్తూ లాగాలి, మొత్తం 10, 15 సెకన్లలో అయిపోవాలి. ఇవి నాలుగుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తాయి.

అసలు కథ వార్డుకు మార్చాక మొదలైంది. మా తమ్ముడు కళ్లు తెరిచాడు, మాట వచ్చిందని సంబరపడుతుండగానే ముక్కు గొట్టం పీకేశాడు. మంచం దిగబోవడం, బూతులు, పట్టుకోబోయిన వాళ్లను తన్నడం. ఇన్‌ఛార్జి వచ్చి అందరి ముందూ "మీ మనిషిని మీరే అదుపులో పెట్టుకోండి, లేకపోతే తీసుకెళ్లిపోండి. తాగుడు అలవాటుందా?" అంది. తాగుడు గురించి అడగాల్సిందే, అది ఒక్కసారిగా ఆగిపోయినా ఇలాంటి ఆందోళన వస్తుంది. కానీ అడిగిన తీరు ఉంది చూశారూ, పెంపకం గురించి నిలదీసినట్టుంది. ఆ వెంటనే రెండు చేతులూ మంచానికి కట్టేశారు. కట్టాక ఇంకా రెచ్చిపోయాడు. తానెక్కడున్నాడో తెలియనివాడికి చేతులు కూడా ఆడకపోతే పెనుగులాడక ఏం చేస్తాడు?

ఇది పొగరూ కాదు, పిచ్చీ కాదు. కోమా నుంచి తేరుకునే క్రమంలో చాలామందికి వచ్చే దశ. తల దెబ్బ తర్వాత మనిషి ఎంతవరకు తేరుకున్నాడో కొలిచే రాంచో లాస్ అమిగోస్ స్కేలులో దీన్ని 4వ స్థాయి అంటారు. మనిషి మేలుకునే ఉంటాడు గానీ జరుగుతున్నదేదీ మనసులో నిలవదు. అందరికీ ఈ దశ రాదు, వచ్చినా ఇన్ని రోజులుంటుందని ఎవరూ చెప్పలేరు. ఆ మాట ముందే చెప్పి ఉంటే మాకు సగం బాధ తప్పేది.

దశ అన్నారు కదా అని ఊరుకోకూడదు. ఉన్నట్టుండి ఎక్కువైతే వెనకాల ఇంకో కారణం ఉండొచ్చు. మొదట బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. గట్టిగా, ఉబ్బుగా తగిలి, నొక్కగానే మనిషి మెలికలు తిరిగితే మూత్రం నిలిచిపోయిందేమోనని అనుమానించాలి. మూత్రం గొట్టం తీసిన తర్వాత ఇలా తరచుగా జరుగుతుంది. డైపర్ తడిగా ఉంది కాబట్టి మూత్రం వస్తోందనుకోవద్దు, నిండిపోయిన మూత్రాశయం కొంచెం కొంచెంగా కారుతుంది. పొట్టకు స్కాన్ పెట్టించండి. మావాడికి అదే తేలింది. గొట్టం వేసి మూత్రం తీశాక కట్లు విప్పినా పడుకున్నాడు.

అది కాకపోతే మలబద్ధకం, జ్వరం, ఆక్సిజన్ తగ్గడం, ఎక్కడైనా ఎముక విరిగినా ఎవరూ గమనించకపోవడం, నిద్రలేమి చూడాలి. రక్తంలో చక్కెర, సోడియం పరీక్ష అడగండి. ఒకేచోట చూస్తూ ఉండిపోవడం, పెదవో వేలో అదే పనిగా అదరడం కనిపిస్తే ఫిట్స్ కావచ్చు. గొడవ చేసేవాడు హఠాత్తుగా మత్తుగా అయిపోతే ఇంకా ప్రమాదం, పరుగున డాక్టర్‌ను పిలవాలి. "హమ్మయ్య, పడుకున్నాడు" అనుకోవద్దు.

గదిలో టీవీ కట్టేయండి. ఒక్కరే మాట్లాడాలి, చిన్న వాక్యాల్లో. "నేనెవరో చెప్పు చూద్దాం" అనే పరామర్శరాయుళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. వాళ్ల మొహమాటానికి పోతే రాత్రంతా మీరే అనుభవించాలి. పరీక్ష పెట్టకూడదు, మనమే చెప్పాలి: "నేను అక్కని. నీ తలకి దెబ్బ తగిలింది. ఇది ఆసుపత్రి." మళ్లీ అడిగితే మళ్లీ అదే. వాదించొద్దు. గొట్టాలు పీకకుండా కట్టుకు బదులు మెత్తటి చేతి తొడుగులు అడగండి. అవసరం తీరిన గొట్టం ఏదైనా ఉంటే తీసేయమనండి. మంచం పూర్తిగా కిందికి దించాలి, పక్కన మనిషి ఉండాలి.

మందుల విషయం డాక్టర్‌తోనే మాట్లాడండి, కానీ మాట్లాడండి. మత్తిచ్చే ప్రతి ఇంజెక్షనూ మంచిది కాదు. హాలోపెరిడాల్, డయాజిపామ్ లాంటివి అదే పనిగా వాడితే తేరుకోవడం మందగించవచ్చని చాలామంది నిపుణులు జాగ్రత్తపడతారు. ఇలాంటి ఆందోళనకు ప్రొప్రనొలాల్ కూడా వాడతారు, అయితే బీపీ, నాడి తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు.

డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు తప్ప ఏమీ లేవు. సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాయించుకోండి. ఫిట్స్ మందు ఎప్పటిదాకా: అంతకుముందు ఫిట్స్ రానివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇచ్చేది సాధారణంగా 7 రోజులే, పొడిగిస్తే ఎందుకో అడగాలి, సొంతంగా మాత్రం ఆపొద్దు. పుర్రె ఎముక తీసి ఉంటే ఆ పక్కకు ఒత్తిగిలనివ్వకూడదని, లేచి తిరిగేటప్పుడు హెల్మెట్ ఉండాలని. ఇంటికెళ్లాక ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో కూడా: మత్తు పెరగడం, వాంతులు, ఎముక తీసినచోట ఉబ్బి గట్టిపడటం, 5 నిమిషాలు దాటిన ఫిట్. నడక కుదురుకున్నాక మళ్లీ తడబడటం, బట్టల్లోనే మూత్రం పోవడం మొదలైతే తలలో నీరు చేరుతోందేమో స్కాన్ తీయించాలి.