అవ్వ ఆకులకు పేర్లు రాయించిన కథ

మా అవ్వ కామెర్లకు మందు ఇస్తుంది. వేరుతో సహా నూరిన నేల ఉసిరి మజ్జిగలో కలిపి మూడు రోజులు పరగడుపున. నూనె, చేపలు మానాలి. చేపలు మానమంటే మా యానాది గూడెంలో అన్నం మానమన్నట్టే. మనిషి మత్తుగా పడి ఉంటే మాత్రం మందు ఇవ్వదు, ఆసుపత్రికి తీసుకెళ్లమని తరిమేస్తుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద, అక్కడి మొక్కలు, జంతువులు, వాటి వాడకం రాసిపెట్టే రిజిస్టరు ఊరికొకటి ఉండాలి కదా, అందులోకి ఆమె ఆకులను ఎక్కించాలని పూనుకున్నాను. నేను ఉండేది చెన్నై కొరుక్కుపేటలో. సంచి నిండా ఆకులు తీసుకుని ఇక్కడి ఒక పరిశోధనశాలకు వెళ్లాను. అక్కడి మేడమ్ నవ్వలేదు, అదే గొప్ప.

"పూత, కాయ లేకుండా పేరు చెప్పలేను. మొక్కను వేరుతో తీసి, పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, 28 సెంటీమీటర్ల వెడల్పు, 42 పొడవు ఉన్న అట్టకు కుట్టి తీసుకురండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో చీటీ ఉండాలి" అన్నారు.

ఆదివారం లోకల్ రైల్లో సూళ్లూరుపేట వెళ్లి, అవ్వతో చెరువు కట్ట మీద తిరిగి కోసుకొచ్చాను. పాత తమిళ పేపర్ల మధ్య పరిచి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. పేపర్లు రోజూ మార్చాలి. రెండు రోజులు ముసురు పట్టింది, నాకు బద్ధకం పట్టింది. మూడో రోజు విప్పితే బూడిద రంగు బూజు. చిన్న ఆకులన్నీ తలంబ్రాల్లా రాలి, పుల్లలు మిగిలాయి. మళ్లీ రైలు, మళ్లీ చెరువు కట్ట. ఈసారి పేపర్లను రోజూ ఇస్త్రీ చేసి మరీ మార్చాను.

మేడమ్ భూతద్దం పెట్టి రెండు అట్టలను పక్కపక్కన ఉంచారు. ఒకదాని కాయ నున్నగా, చిన్న తొడిమకు వేలాడుతోంది: ఫిల్లాంథస్ అమారస్, నేల ఉసిరి. రెండోదాని కాడ ఎర్రన, కాయ గరుకుగా కొమ్మకే అతుక్కుని ఉంది: ఫిల్లాంథస్ యూరినేరియా, ఎర్ర ఉసిరి. అమారస్ మీద ఈ మద్రాసులోనే జరిగిన పరీక్ష ఫలితం 1988లో అచ్చయిందట. కాలేయాన్ని పట్టే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో నిలిచిపోయిన 37 మందికి ఇస్తే 22 మంది రక్తంలో దాని జాడ కనిపించలేదు. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు.

అవ్వకు ఫోను చేసి, నువ్వు రెండు మొక్కల్ని ఒకటే అనుకుంటున్నావని కాస్త గొప్పగానే చెప్పాను.

"ఎర్రది నేను ముట్టుకోనే లేదు. చివర్లో నువ్వు కోశావు చూడు, అది" అంది.

నిజమే. ఎర్రదాని చీటీ మీద, కోసినవారు అన్నచోట, అవ్వ పేరు కొట్టేసి నా పేరు రాశాను.

ఇంకా పదకొండు ఆకులున్నాయి. వచ్చే ఆదివారం వస్తానంటే, "రా. కానీ నువ్వు సంచి పట్టుకో చాలు" అంది.