అమ్మ ఫైలు కోసం: మా కాలనీ క్లినిక్‌తో నా అనుభవం

అమ్మ ఫైలు నకళ్లు నిన్ననే చేతికి వచ్చాయి. కోపం ఇంకా చల్లారలేదు. ఇంట్లో షుగరు మనిషి ఉన్న ప్రతివారికీ పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

అమ్మకు షుగరు, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. మల్కాజిగిరిలో మా వీధి చివరి డాక్టరు గారి హస్తవాసి మీద ఆమెకు గట్టి గురి. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయని అంటుంటే, అక్కడ వైద్యం ఎలా జరుగుతోందో తేల్చుకోవాలనుకున్నాను.

డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీదే ఉంది, ఫీజు బోర్డు గోడకు ఉంది. అంతవరకు బాగానే ఉంది.

బీపీ చూసే ముందు మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడించకూడదు. అక్కడ మాత్రం మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టి, కబుర్లడుగుతూ చూశారు. ఆ అంకెను బట్టే మాత్ర మోతాదు పెంచారు.

అప్పుడు అడిగాను: "డాక్టరు గారూ, ఒకసారి అమ్మ పాదాలు చూస్తారా? హెచ్‌బిఏ1సి రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో ఫైల్లో ఉందా?"

ఆయన కలం కింద పడేశారు. "మీరు డాక్టరా? ఫోనులో నాలుగు ముక్కలు చదివి నాకు నేర్పడానికి వచ్చారా?" తలుపు బార్లా తెరిచే ఉంది. బయట కూర్చున్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. రిసెప్షన్ అమ్మాయి నవ్వింది. అమ్మ నా చెయ్యి పట్టి లాగుతూ, "ఊరుకోవే, ఆయనకు కోపం వస్తే రేపు నన్నెవరు చూస్తారు?" అంది. ఆయన మాటకంటే అమ్మ గొంతులోని ఆ భయమే నన్ను ఎక్కువ కాల్చింది. ఫీజు కట్టి, గంటల తరబడి కూర్చుని, పైగా భయపడాలా? ప్రశ్న అడిగితే ముఖం మాడ్చుకునే చోట ఎంత చదువుంటే మాత్రం ఏం లాభం?

ఫైలు నకళ్లు అడిగితే మరో తిరకాసు. పేషెంట్లకు ఇవ్వం అన్నారు. తర్వాత మేనేజరు లేరన్నారు. అమ్మ సంతకం కావాలన్నారు. సంతకం తెస్తే, "కేసు వేస్తారా?" అని అడిగారు.

నోటితో అడగడం మానండి, కాగితం మీద రాయండి. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. కొత్త నిబంధనలు వచ్చాయి కదా అని దబాయిస్తే నమ్మకండి. 2023లో తెచ్చినవాటిని తెచ్చిన నెలలోనే నిలిపివేసి, పాతవాటినే మళ్లీ అమలులోకి తెచ్చారు. ఇదంతా అమ్మ పేరుతో అర్జీగా రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకునే కదిలాను. మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఇలా రాబట్టలేదు, నేను రాబట్టాను.

ఫైల్లో ఏముంది? ప్రతిసారీ "అవే మందులు" అన్న ముక్క. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బిఏ1సి ఎప్పుడో ఒక్కసారి చేయించారు. ఏడాదికోసారి చూడాల్సిన పాదాలు, కళ్లు, కిడ్నీల ఊసే లేదు.

నకళ్లు పట్టుకుని ఈ ఉదయమే అమ్మను సర్కారు వారి ఉచిత క్లినిక్ అయిన బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను. 2018లో మొదలైన ఈ దవాఖానాలను మా వాళ్లు చిన్నచూపు చూస్తారు. అక్కడి డాక్టరమ్మ అడగకుండానే చెప్పులు విప్పించి, వేళ్ల సందులు చూసి, దూదితో తాకుతూ "తెలుస్తోందా అమ్మా?" అని అడిగింది. ఎడమ బొటనవేలి దగ్గర అమ్మకు తెలియలేదు. పైసా తీసుకోకుండా రక్తపరీక్షలకు రాసింది. రెటీనా పరీక్షకు మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్లమంది.

సోమవారం వెళ్తున్నాం. పాత డాక్టరు గారికి ఒక మాట చెప్పి వెళ్దామని అమ్మ అంటోంది. అక్కర్లేదన్నాను.