నాలుగు బై పద్నాలుగు

గుంటూరులో బ్రాడీపేట చిరునామాకి "4/14" అంటే చాలు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇక్కడి బడి పిల్లలకి (ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయినవాళ్లకి కూడా) ఈ భిన్నం కొట్టినపిండి. దాని వెనకున్న లెక్క మాత్రం ఏ లెక్కల మాస్టారూ చెప్పలేదు.

2/3 నుంచి 4/14కి రెండు లైన్లు, పదకొండు అడ్డరోడ్లు దాటాలి. వెనక్కి తిరగకుండా ఎక్కడ మలుపు తీసుకున్నా దూరం ఒకటే. మధ్యలో రోడ్లేవీ తెగకపోతే అలాంటి దారులు 78. ఒకచోట పెళ్లిపందిరి వేసినా, డ్రైనేజీకి తవ్వినా మిగతావి ఉంటాయి. అరండల్‌పేటదీ ఇదే పోత. కాకపోతే రెండు పేటల మధ్యా రైలుకట్ట. ఎన్ని లైన్లున్నా కట్ట దాటాలంటే కొద్ది చోట్లే దిక్కు.

తర్వాత ఊరు పొలాల మీదికి పాకింది. పొలాల్లో బళ్లు తిరగడానికి ఉన్నది డొంక ఒక్కటే. ఇక్కడ రెండెకరాలు, అక్కడ మూడెకరాలు వెంచర్లయ్యాయి. ప్రతిదానికీ డొంక మీద ఒక నోరు, లోపల ముప్ఫై అడుగుల రోడ్డు, చివర పక్కవాడి గట్టు. పదేళ్లకి ఆ పక్కవాడూ వెంచర్ వేస్తాడు, తన హద్దురాయి నుంచి కొలుచుకుని. రెండు రోడ్లూ ఇరవై అడుగుల తేడాతో ఎదురుపడవు. ఇద్దరి మధ్య గోడ లేస్తుంది. గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్లవాళ్లు ఒకరినొకరు కేకేసుకోవచ్చు గానీ, స్కూటర్ మీద వెళ్లాలంటే డొంకదాకా వచ్చి తిరగాలి. ఇన్ని కాలనీల బండ్లూ ఆ డొంక మీదే పడతాయి. దాన్ని ఎంత వెడల్పు చేసినా చాలదు, లోపం వెడల్పులో లేదు, రోడ్లు కలవకపోవడంలో ఉంది గనక.

మీ కాలనీ ప్లాను ముందేసుకుని కూడళ్లు లెక్కపెట్టండి, మూసుకుపోయిన చివరలతో సహా. రెండు కూడళ్ల మధ్య రోడ్డు ముక్కల్నీ లెక్కపెట్టి, ముక్కల సంఖ్యని కూడళ్ల సంఖ్యతో భాగించండి. ఐదు అడ్డం, ఐదు నిలువు రోడ్ల పేటలో 25 కూడళ్లు, 40 ముక్కలు: 1.6. చెట్టుకొమ్మల్లా చీలే కాలనీలో అవే 25 కూడళ్లకి 24 ముక్కలే: 0.96. మొదటిదాంట్లో చుట్టూ తిరిగి రాగలిగే గడులు 16, రెండోదాంట్లో సున్నా. మంచినీటి గొట్టాలూ ఈ రోడ్ల వెంటే వెళ్తాయి. అందుకే మూసుకుపోయిన రోడ్డు చివరింటికి నీళ్లు సన్నగా వస్తాయి, గొట్టం కొసన మడ్డి పేరుకుంటుంది. కొసన వాల్వు పెట్టి అప్పుడప్పుడూ నీళ్లు వదిలెయ్యాలి.

సరిచేసే వీలున్నది లేఅవుటు అనుమతికి ముందే. పక్క సర్వే నంబరు కొలతలు కూడా ఒకే కాగితం మీద పరిచి, రోడ్ల నడిమిగీతలు కలపాలి. రోడ్డుని హద్దురాయి దాకా తేవాలి. పక్కవాడికి దారి ఇవ్వకుండా చివర అడుగు పట్టీ అట్టిపెట్టుకోవడం వెంచర్లలో పాత ఎత్తు. రోడ్లని మునిసిపాలిటీకి రాసిచ్చే గిఫ్టు డీడులో ఆ అడుగూ రాయించాలి. బండి దారి కుదరకపోతే, కనీసం మనిషి నడిచే ఆరడుగుల సందైనా వదలాలి.

ఆలస్యమైతే రోడ్డుకి ఎదురుగా పడ్డ ప్లాటుని వీధిపోటని చవగ్గా అమ్మేస్తారు. కొన్నవాడు గోడకి వినాయకుణ్ణి పెట్టుకుంటాడు. ఇక ఆ గోడ జోలికి ఏ కమిషనరూ వెళ్లడు.