మిరప ఆకు పైకి ముడిచిందా కిందికా, మా మిద్దె మీద ఏడాది అనుభవం

2024 ఆగస్టు రెండో వారానికి మా మిద్దె మీద 18 మిర్చి మొక్కలుంటే వాటిలో 14 ముడుచుకుపోయాయి. మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం, పైన ఖాళీ టెర్రస్, పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా ఎండ ఉంటుంది, మిర్చికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునే మొదలుపెట్టా. 8 సన్నాలు, 6 వరంగల్ చపాటా, మిగతా 4 భూత్ జొలోకియా, అంటే ఈశాన్యం వైపు పండే మహా ఘాటు రకం. ఆ జొలోకియా విత్తనాలు గౌహతిలో పనిచేసే మా ఫ్రెండ్ చిన్న కవర్లో పెట్టి పంపించాడు, అవంటే నాకు మరీ ఇష్టం.

ముడత కథకి ముందు నారు సంగతి ఒకటి చెప్పాలి. మొదటిసారి వేసిన నారు మొత్తం పోయింది. మొలకలు బాగానే వచ్చాయి, రెండాకులు కూడా వేశాయి, ఒకరోజు పొద్దున చూస్తే మట్టి దగ్గర కాడ నీరుపట్టినట్టు మెత్తబడి అన్నీ ఒకేవైపు వాలిపోయి ఉన్నాయి. ఇదే నారుకుళ్ళు. ట్రే నీడలో పెట్టి, పైన తడి ఆరకుండా రోజూ రెండుసార్లు నీళ్ళు పోశాను కదా, అదే కారణం. రెండోసారి కోకోపీట్, వర్మీ కంపోస్ట్ మిక్స్‌లో ట్రైకోడెర్మా (కుళ్ళుని అడ్డుకునే మంచి శిలీంధ్రం) కలిపి, విత్తనం పడ్డాక ట్రే అడుగు నుంచి మాత్రమే తడిపి, మొలక రాగానే వెలుతురులోకి మార్చేశా. సన్నాలు 8 రోజులకి మొలిచాయి, జొలోకియాకి 19 రోజులు పట్టింది. ఆ జాతికి రెండు మూడు వారాలు మామూలేనట, నాకు తెలియక 12వ రోజు ట్రే పారేయబోయాను, మా ఆవిడ ఆపింది.

నారు 12 అంగుళాల గ్రో బ్యాగుల్లోకి మార్చా, ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్, కొంచెం వేపపిండి కలిపి. జులై మొత్తం కళకళలాడాయి. తర్వాత మబ్బు, జల్లు, మళ్ళీ ఉక్క, అలాంటి వాతావరణం రెండు వారాలు నడిచింది, అప్పుడు మొదలైంది ముడత. చిగురు దగ్గరి ఆకులు గట్టిపడిపోయి వంకర తిరిగాయి. ఒక ఫొటో తీసుకుని మందుల షాపుకెళ్ళి చూపిస్తే అతను ఫోన్ సరిగ్గా చూడకుండానే ముడతకి ఇది కొట్టండి సార్ అని ఒక బాటిల్ ఇచ్చాడు, రసం పీల్చే పురుగులకి వాడే మందు. వారంలో రెండుసార్లు కొట్టా. ముడత తగ్గకపోగా అప్పటిదాకా బాగున్న నాలుగైదు మొక్కలకి కూడా పాకింది.

అప్పుడు మా పెదనాన్నకి వీడియో కాల్ చేశా. ఆయనది ఖమ్మం జిల్లా మధిర దగ్గర, 30 ఏళ్ళకి పైగా మిర్చి వేస్తున్నారు. నేను కంగారుగా ముడత వచ్చింది, వైరస్ అనుకుంటా అని చెప్తుంటే ఆయన అడిగింది ఒక్కటే మాట.

"పైకి ముడిచిందా, కిందికా?"

నాకు అర్థం కాలేదు. ముడత అంటే ముడతే కదా అన్నా. "ఆకు తిప్పి చూపించరా ముందు" అన్నారు. చూపించా. ఆకు అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలాగా ఉంది, ఆకు కాడ మామూలు కన్నా పొడుగు సాగింది, రంగు ముదురు ఆకుపచ్చ. "అది కింది ముడత. నల్లి. నువ్వు కొట్టింది పురుగు మందు, నల్లి దానికి చావదు, దాన్ని తినే మంచి పురుగులు మాత్రం పోయి ఉంటాయి" అన్నారు.

నేను ఈ మొత్తం రాస్తున్నది ఈ ఒక్క ముక్క కోసమే. హైదరాబాద్‌లో మిద్దె తోట చేసే నా స్నేహితులందరూ ముడత వచ్చిందంటే ఒకటే జబ్బు అనుకుని దొరికిన మందు కొడుతున్నారు, నేనూ అదే చేశా. కానీ అవి మూడు వేరు వేరు సంగతులు. తామర పురుగు గీకి రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా అవుతుంది, అది పై ముడత. తెల్లనల్లి పడితే కిందికి, అది కింది ముడత. నల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ళది, సాలెపురుగు వర్గం, అందుకే చాలా పురుగుమందులు దాని మీద పనిచేయవు. మూడోది బొబ్బర, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి మందు లేదు. దేనికి ఏం చేయాలో పూర్తిగా వేరు, కొన్నిచోట్ల ఒకదానికి చేసింది ఇంకోదాన్ని పెంచుతుంది కూడా.

మర్నాడే ఒక హ్యాండ్ లెన్స్ కొన్నా. చిగురాకు అడుగున ఈనె పక్కన చూస్తే గాజు ముక్కల్లాగా లేత పసుపు చుక్కలు మెల్లగా కదులుతున్నాయి, ఉత్త కంటికి ఏమీ కనపడదు. పెదనాన్న చెప్పినట్టు బాగా పాడైన చిగుళ్ళు కత్తిరించి కవర్లో కట్టి బయట పారేశా, ఆ రాలిన ముక్కలు కంపోస్ట్ డబ్బాలో వేయొద్దని గట్టిగా చెప్పారు. తర్వాత నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి సాయంత్రం ఆరు దాటాక ఆకుల అడుగు తడిసేలా కొట్టా, పది రోజులాగి ఇంకోసారి. రెండు జాగ్రత్తలు ఇక్కడ. మండే ఎండల్లో గంధకం కొడితే ఆకులు మాడతాయి, అదృష్టం కొద్దీ అప్పుడు మబ్బులే. ఇంకోటి వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం ముట్టుకోకూడదు, గంధకం తర్వాత నూనె అయినా అంతే, రెండూ కలిస్తే మొక్క కాలిపోతుంది. నా దగ్గర రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉండేవి, అప్పట్నుంచి వేరు వేరు అరల్లో పెట్టా, కొట్టిన తేదీ క్యాలెండర్ మీద రాస్తున్నా.

ఒక విషయం తెలియక మొదటి వారం చాలా దిగులుపడ్డా. ముడిచిన ఆకు మళ్ళీ విప్పుకోదు. పాత ఆకులు చూసుకుంటూ మందు పనిచేయలేదు అనుకుంటాం, చూడాల్సింది కొత్తగా వచ్చే చిగురుని. 12వ రోజు ఒక చపాటా మొక్కకి చదునుగా, మెత్తగా, లేత ఆకుపచ్చ ఆకు వచ్చింది, పొద్దున్నే పైకెళ్ళి అది చూసి మా ఆవిడని పిలిచి మరీ చూపించా.

అక్టోబర్ చివర్లో వానలు ఆగి పొడి గాలి మొదలయ్యాక రెండో దెబ్బ. ఈసారి ఆకు తిప్పి చూడటం వచ్చు కాబట్టి వెంటనే తెలిసింది, అంచులు పైకి లేచాయి, అడుగున వెండిలాగా మెరిసే గీతలు, అవే తర్వాత గోధుమ రంగుకి మారుతున్నాయి. పూత మొదలైన కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తడితే సన్నటి పురుగులు పడ్డాయి. తామర పురుగు. ఫొటో పంపగానే పెదనాన్న ఫోన్ చేసి మొదట అడిగింది "నల్లగా ఉన్నాయా?" అని. ఆ గొంతులో భయం నాకు తెలుసు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఆయన మూడెకరాలు కళ్ళముందే పోయింది, పువ్వులోపల గుంపులు గుంపులుగా చేరి పూత పూతంతా రాల్చేసింది, ఏ మందుకీ లొంగలేదు, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ వైపు ఎంతోమంది తోటలు పీకేశారు, ఆయనా డిసెంబర్లో దున్నించేశారు. దాని గురించి ఇప్పటికీ ఎక్కువ మాట్లాడరు. నా మొక్కల మీదవి లేత పసుపువి అని చెప్పాక ఊపిరి పీల్చుకున్నారు.

ఈసారి రసాయనం వాడకూడదని అనుకున్నా, ఎందుకంటే పూత మీదుంది, తేనెటీగలు వస్తున్నాయి, పైగా ఇంట్లో కోసుకుతినే కాయ. మొక్కల ఎత్తులో నీలి రంగు జిగురు అట్టలు నాలుగు కట్టా, తామర పురుగుకి నీలం, తెల్లదోమకి పసుపు. కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి పిసికిన రసంలో వేపనూనె 1500 పీపీఎంది (పీపీఎం అంటే అందులోని వేప మందు గాఢత) లీటరుకి 5 ఎంఎల్ చొప్పున కలిపా, కుంకుడు రసం లేకపోతే నూనె పైన తేలిపోతుంది, కలవదు. ఇది పొద్దుగూకాక ఆకుల అడుగున, ఆరేడు రోజులకోసారి, మొత్తం నాలుగుసార్లు. ఎక్కువ పీపీఎం ఉన్న డబ్బా అయితే డోసు తక్కువ, డబ్బా మీద చూసుకోవాలి. మధ్య రోజుల్లో పొద్దున పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టేవాణ్ణి, నా అనుభవంలో ఇది సగం పని చేసింది, ఖర్చు లేదు. పూర్తిగా పోలేదు కానీ కాయ నిలబడేంత తగ్గింది, అంతకన్నా నేను ఆశించలేదు.

బొబ్బర ఒక్క మొక్కకే వచ్చింది, అది జొలోకియా. ఆకులు చిన్నచిన్నగా గుత్తిలాగా, ఈనెలు ఉబ్బి మధ్యలో పసుపు, మొక్క అక్కడే ఆగిపోయింది. పసుపు అట్ట మీద అంతకు రెండు వారాల ముందు నుంచే తెల్లదోమ కనపడింది, నేను పట్టించుకోలేదు. పుల్లటి మజ్జిగ కొట్టు అని ఒకరు, ఇంకేదో టానిక్ అని ఒకరు చెప్పారు, పదిరోజులు అన్నీ చేశా, ఏమీ మారలేదు. పెదనాన్న మాత్రం మొదటి రోజే "పీకెయ్, మిగతా వాటికి ఎక్కిద్ది" అన్నారు. 19 రోజులు ఎదురుచూసి మొలిపించుకున్న మొక్క, చేయి రాలేదు. చివరికి ఒక సాయంత్రం ముందు వేపనూనె నీళ్ళు కొట్టి, దోమ ఎగిరిపోకుండా పెద్ద కవర్ పైనుంచి తొడిగి, మూతి కట్టేసి వేళ్ళతో సహా లాగేశా. పది రోజులు ఆగడం తప్పే, ఆ పది రోజుల్లో పక్క మొక్కకి రాకపోవడం అదృష్టం.

డిసెంబర్ నుంచి కాయ కోత. చపాటా పండి ఎర్రగా టమాటాలాగా గుండ్రంగా వచ్చింది, కారం తక్కువ, రంగు ఎక్కువ, అమ్మ పండుమిర్చి పచ్చడి రోట్లో నూరింది. మూడు జొలోకియా మొక్కలకి కలిపి 41 కాయలు లెక్కపెట్టా. 10 లక్షల స్కోవిల్ (కారం ఘాటుని కొలిచే లెక్క) దాటిన మిర్చి అని గిన్నిస్ వాళ్ళు గుర్తించిన రకం ఇది, ఒక్క కాయలో గోరంత ముక్క పెద్ద గిన్నె పప్పుకి సరిపోయింది. కారం గింజలో కాదు, గింజ అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఉంటుంది, గ్లవ్స్ లేకుండా అది మాత్రం ముట్టుకోవద్దు, చేతికి అంటితే నీళ్ళు కాదు ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి.

ఫిబ్రవరిలో పెదనాన్న కంటి చెకప్‌కని వచ్చారు. కాఫీ కూడా తాగకుండా మిద్దెక్కి ఒక్కో మొక్క దగ్గర వంగి చిగురు తిప్పి చూసుకుంటూ పోయారు. నేను ముందు రోజే అన్నీ చూశాను, ఏమీ లేదన్నా. చివర్లో నీళ్ళ ట్యాంకు పక్కనున్న సన్నం మొక్క దగ్గర ఆగి, కళ్ళజోడు పైకెత్తి, ఆకు నా వైపు తిప్పారు. అంచు వెంట్రుకవాసి కిందికి వంగి ఉంది. వేపనూనె కొట్టి రెండు వారాలు దాటిందో లేదో క్యాలెండర్‌లో చూసి, గంధకం డబ్బా తేవడానికి కిందికి దిగా.