ఫిలడెల్ఫియాలో రామన్ పేరు

ఫిలడెల్ఫియాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు అందరూ ముందు లిబర్టీ బెల్ చూడమన్నారు. చూశాను. కానీ విశాఖలో విమానం ఎక్కకముందే నేను మనసులో పెట్టుకున్నది ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే సైన్స్ మ్యూజియం. ముప్పై ఏళ్లు పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. సి.వి. రామన్‌కి 1930లో నోబెల్ వచ్చిందని ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. 1941లో ఈ మ్యూజియం ఆయనకి ఫ్రాంక్లిన్ మెడల్ ఇచ్చిందని ఎంతమందికి తెలుసు?

లోపలికి అడుగుపెట్టగానే పెద్ద గుమ్మటం కింద 20 అడుగుల తెల్ల పాలరాతి విగ్రహంగా, అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూర్చుని ఉన్నాడు. మనవరాలు మాత్రం నా చెయ్యి పట్టుకుని 'గుండె' దగ్గరికి లాక్కుపోయింది. 1954లో కాగితపు గుజ్జు, ఇనప వల, కర్రలతో ఆరు నెలల కోసమని కట్టిన గుండె అది. జనం వదల్లేదు, ఇప్పటికీ ఉంది. ఇరుకు మెట్ల మీద, రక్తం వెళ్లే దారినే మనమూ వెళ్లాలి. చుట్టూ లబ్‌డబ్ మోత. నా మోకాళ్లు మొరాయించినా రెండుసార్లు తిరిగాను.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో మెడల్ గ్రహీతల పేర్లు మనవరాలికి చదివి వినిపించాను. 1915లో ఎడిసన్, 1926లో నీల్స్ బోర్, 1935లో ఐన్‌స్టీన్. 1941 దగ్గర ఇద్దరు: ఎఫ్.ఎం. రేడియో కనిపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్, మన రామన్. చదువుతుంటే గొంతు పట్టేసింది.

"ఆయనేం కనిపెట్టాడు తాతయ్యా?"

"ఎండని నీలం అద్దం గుండా ద్రవంలోకి పంపాడమ్మా. ఆ నీలాన్ని పూర్తిగా ఆపేసే ఇంకో అద్దం కళ్లకి అడ్డం పెట్టుకుని చూశాడు. చీకటిగా ఉండాలి కదా? కానీ సన్నటి వెలుగు కనిపించింది. అంటే ద్రవంలో కొంత కాంతి రంగు మార్చుకుందన్నమాట."

ఎండ, రంగుటద్దాలు, కన్ను. 1928లో ఆయన మొదట చూసింది వీటితోనే. ఆ మెడల్ ఈ సంస్థ నుంచి రావడం అందుకే నాకు మరీ నచ్చుతుంది. 1824లో దీన్ని పెట్టింది చేతిపనివాళ్లకీ యంత్రాల పనివాళ్లకీ సైన్స్ నేర్పడానికి. మ్యూజియం అయింది ఆ తర్వాత, 1934లో. పాత ఫ్రాంక్లిన్ మెడల్ 1998 నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ మెడల్‌గా మారింది.

రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా నాలుగేళ్ల వయసులోనే విశాఖ వచ్చేశాడు. తండ్రి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఆ స్కూలు ముందు నుంచి నేను వందలసార్లు బస్సులో వెళ్లాను.

"అది ఇంకా ఉందా?" అంది మనవరాలు.

"ఉంది."

"డిసెంబర్‌లో వచ్చినప్పుడు చూపిస్తావా?"

చూపిస్తానని చేతిలో చెయ్యేశాను. రంగుటద్దాలు కూడా రెండు కొని ఉంచాలి.